చల్లటి ఇంజను మాట వినండి



“పొద్దున్నే కారు స్టార్టు చేస్తే టకటకమని ఏదో శబ్దం వస్తోంది” అని ఎవరైనా అంటే, మన పెద్దవాళ్ళు చాలామంది చెప్పే జవాబు ఒకటుంది. “కాస్త వేడెక్కితే అదే పోతుందిలే!” నిజమే, చాలాసార్లు పోతుంది. పోయింది కాబట్టి ఇక దాని సంగతి మరిచిపోతారు. మరునాడు పొద్దున మళ్ళీ అదే శబ్దం, మళ్ళీ అదే జవాబు.

ఈ జవాబు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. రోజు విడిచి రోజు జ్వరం వచ్చి, తెల్లారేసరికి దిగిపోతోందని చెబితే ఏ డాక్టరైనా “దిగిపోతోంది కదా, ఇంక మందెందుకు?” అంటాడా? ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఎప్పుడు పోతోంది అని మొదట అడుగుతాడు. రక్తపరీక్షలు లేని రోజుల్లో మలేరియాను వైద్యులు పోల్చుకున్నది జ్వరం వచ్చిపోయే వేళలను బట్టే. ఇంజను సంగతీ అంతే. వేడెక్కాక శబ్దం పోయిందంటే దాన్ని కొట్టిపారేయమని కాదు. ఎంతసేపటికి పోయిందో తెలిస్తే, అది ఏ భాగం నుంచి వచ్చిందో సగం తెలిసినట్టే.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. బాపులపాడులో చలి ఎక్కడిది? మామిడి పూతకొచ్చే జనవరిలో కూడా తెల్లవారుజామున పదిహేను డిగ్రీల దరిదాపుల్లో ఉంటే మనం దుప్పటి వదలం. మే నెల సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి ‘చల్లటి ఇంజను’ అనే మాట మనకెందుకు?

ఇంజనుకి చలి అంటే ఊరి చలి కాదు. పనిచేస్తున్న కారు ఇంజను చుట్టూ తిరిగే నీరు సుమారు 90 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటుంది. ఆ వేడిలో సరిగ్గా అమరేటట్టే దాని భాగాలను తయారుచేస్తారు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజను మండువేసవిలోనైనా తెల్లారేసరికి 30 డిగ్రీలకు దిగుతుంది. అంటే అరవై డిగ్రీల తేడా! కాబట్టి హనుమాన్ జంక్షన్లో అయినా, శ్రీనగర్లో అయినా, పొద్దున్నే ప్రతి ఇంజనూ చల్లటి ఇంజనే. వాళ్ళకు తేడా ఇంకాస్త ఎక్కువ, అంతే.

ఆ తేడా ఏం చేస్తుందో ఒక లెక్క వేద్దాం. ఉష్ణ వ్యాకోచం పాఠంలో మీరు చదివిందే ఇది. పొడవు మీటరు ఉన్న అల్యూమినియం కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే మీటరులో పది లక్షల వంతులు సుమారు 23 పెరుగుతుంది. పోత ఇనుము అయితే సుమారు 11 వంతులే. కార్లలో పిస్టను అల్యూమినియంది. అది ఆడే సిలిండరు గోడ చాలా ఇంజన్లలో పోత ఇనుముది. పిస్టను వ్యాసం 75 మిల్లీమీటర్లు అనుకోండి. రెండూ నూరు డిగ్రీలు వేడెక్కితే పిస్టను 0.17 మిల్లీమీటరు లావెక్కుతుంది, సిలిండరు రంధ్రం 0.08 మిల్లీమీటరు పెద్దదవుతుంది. తేడా 0.09 మిల్లీమీటరు. ఇంచుమించు మీ తల వెంట్రుక మందం! నిజం ఇంజనులో పిస్టను పైభాగం ఒక వేడిలో, అడుగుభాగం ఒక వేడిలో ఉంటాయి కనుక లెక్క ఇంత సులువుగా ఉండదు. పిస్టను ఆకారాన్ని కూడా అందుకు తగ్గట్టు కాస్త కోలగా చేస్తారు. అయినా సంగతి మీకు అర్థమైంది కదా? వేడిలో బిగుతుగా అమరడానికి, చల్లగా ఉన్నప్పుడు కొంత వదులు ఉండక తప్పదు. ఆ వదులులో పిస్టను గోడకు తగిలి మెల్లగా ‘టప్ టప్’ అంటుంది. కొద్దిపాటిది అయితే అది జబ్బు కాదు. బోరు అరిగిపోయిన పాత ఇంజనులో అదే చప్పుడు పెద్దదై, చాలాసేపు ఉంటుంది.

లోహం సంగతి ఇది. నూనె సంగతి ఇంకోటి. ఇంజను ఆగాక కందెన నూనె అంతా మెల్లగా అడుగున ఉన్న తొట్టిలోకి జారిపోతుంది. మెకానిక్కులు దాన్ని ‘చాంబరు’ అంటారు. పొద్దున తాళం తిప్పగానే పంపు ఆ నూనెను మళ్ళీ పైదాకా తోడాలి. అరిసెల పాకం వేడిగా ఉన్నప్పుడు ఎలా జారుతుందో, చల్లారాక గరిటెకు ఎలా అంటుకుంటుందో మీ ఇంట్లో చూసే ఉంటారు. నూనె స్నిగ్ధత కూడా అలాగే మారుతుంది. డబ్బా మీద 5డబ్ల్యు-30 అని రాసి ఉంటుంది చూడండి. అందులో ‘డబ్ల్యు’ అంటే చలికాలం. ఆ ముందున్న అంకె చిన్నదయిన కొద్దీ చల్లగా ఉన్నప్పుడు ఆ నూనె తొందరగా పారుతుందన్నమాట.

ఇక్కడే మనవాళ్ళ అలవాటు ఒకటి నాకు అసలు నచ్చదు. ఇంజను చప్పుడు చేస్తోందంటే “మందం నూనె పోయించు, శబ్దం తగ్గుతుంది” అంటారు. తగ్గవచ్చు. కానీ మందం నూనె పొద్దున్నే పైకి చేరడానికి ఇంకా ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యంలో లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఏడుస్తున్న పిల్లాడి నోరు మూస్తే కడుపునొప్పి పోతుందా? ఏ నూనె పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది చూస్తే చాలు.

సరే, ఇప్పుడు వినడం మొదలుపెడదాం. మీరు కారు స్టార్టు చేయకూడదు. నాన్నగారో, బాబాయిగారో చేస్తుంటే బయట పక్కగా నిలబడి వినండి.

మొదట చూడాల్సింది, శబ్దం ఇంజను అందుకోకముందా, అందుకున్నాకా? తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్కసారి అని ఊరుకున్నా, ‘టకటకటక’మని వేగంగా కొట్టుకుని దీపాలు మసకబారినా, ముందు అనుమానించాల్సింది బ్యాటరీనీ, దాని తీగల చివర్లనూ. ఆ చివర్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే పెద్దవాళ్ళకు చూపించండి, మీరు ముట్టుకోకండి. మోటారు ‘జుయ్’మని ఊరికే తిరిగి ఇంజను కదలకపోయినా, పళ్ళు కొరికినట్టు ‘గర్ర్’మన్నా అది సెల్ఫ్ మోటారు పళ్ళచక్రం సంగతి. బ్యాటరీ గురించి ఒక విడ్డూరం చెప్పాలి. మన ప్రాంతంలో బ్యాటరీని ఎక్కువగా దెబ్బతీసేది చలి కాదు, ఎండ. వేసవి వేడికి లోపలి పలకలు తొందరగా తినేసుకుపోతాయి. కానీ ఆ సంగతి బయటపడేది డిసెంబరు తెల్లవారుజామున. చల్లదనానికి రసాయన చర్య మందగించి, నూనె చిక్కబడి, రెండూ కలిసి దాని బలహీనతను బయటపెడతాయి. నింద మాత్రం పాపం చలి మీద పడుతుంది.

ఇంజను అందుకున్నాక మొదటి రెండు మూడు సెకన్లు చాలా విలువైనవి. అప్పుడు పైభాగం నుంచి సన్నగా ‘టిక్ టిక్’మని వచ్చి టక్కున ఆగిపోతే, నూనె ఒత్తిడితో పనిచేసే టాపెట్లు ఖాళీ అయి మళ్ళీ నిండాయన్నమాట. కొన్ని ఇంజన్లలో గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తుంది. కవాటాలను నడిపే చైనును బిగించి పట్టే భాగం కూడా నూనె ఒత్తిడితోనే పనిచేస్తుంది కనుక, నూనె చేరేదాకా చైను వదులుగా ఉంటుంది. నిన్న ఒక్క సెకను, ఈ నెల మూడు సెకన్లు, వచ్చే నెల అయిదు అని పెరుగుతూ పోతే దాన్ని ఊరుకోకూడదు. చైను పళ్ళు దాటిపోతే చాలా ఇంజన్లలో పిస్టను వెళ్ళి కవాటాన్ని గుద్దే ప్రమాదం ఉంది. అప్పుడు బిల్లు వందల్లో ఉండదు. ఇదే సమయంలో ముందు పలక మీద నూనెడబ్బా బొమ్మ ఉన్న ఎర్రదీపాన్ని చూడమనండి. కొన్ని సెకన్లలో అది ఆరిపోవాలి. దీపం ఆరక, లోతుగా సుత్తితో కొట్టినట్టు చప్పుడూ వస్తుంటే వెంటనే ఇంజను ఆపేయాలి. ఇందులో చర్చ లేదు.

‘కీచ్’మని కీచురాయిలా అరిచేది చాలావరకు బెల్టు. స్టార్టు చేయడానికి బ్యాటరీ చాలా కరెంటు ఇచ్చేసింది కదా, దాన్ని మళ్ళీ నింపడానికి ఆల్టర్నేటరు గట్టిగా పనిచేయాల్సి వస్తుంది. ఆ బరువుకు వదులైన బెల్టు, మంచుతేమ పట్టిన బెల్టు జారి అరుస్తుంది. బ్యాటరీ కాస్త నిండగానే ఊరుకుంటుంది. డీజిలు బండ్లు, మామిడి తోటల ట్రాక్టర్లతో సహా, చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టుకోవడం మామూలే. లోపలి గది చల్లగా ఉంటే చల్లిన డీజిలు అంటుకోవడం ఆలస్యమై, పోగైనదంతా ఒక్కసారిగా మండుతుంది. వేడెక్కితే ఆ కొట్టుడు నెమ్మదిస్తుంది. ఇప్పటి పెట్రోలు కార్లు మొదటి నిమిషంలో కాస్త ఎక్కువ వేగంతో తిరగడం కూడా జబ్బు కాదు, వాటిని అలాగే తయారుచేశారు. మామిడి చెట్టు కింద ఆపిన కారులో గాలిపంకా వేయగానే గరగరమంటే, ఇంజను జోలికే పోవద్దు. అద్దం కింది సందులోంచి పంకాలో పడ్డ ఎండుటాకు కావచ్చు. పంకా ఆపితే శబ్దం ఆగుతుంది, అదే పరీక్ష.

అసలు ఈ వ్యాసం రాయడానికి కారణమైన సంగతి ఇప్పుడు చెబుతాను. మా పక్క ఊళ్ళో ఒక మామిడి వ్యాపారి వ్యాను పొద్దున్నే ‘టిక్ టిక్’మనేది. నూజివీడు వైపు తోటకి వెళ్ళేసరికి శబ్దం మాయం. షెడ్డుకి తీసుకెళ్ళేది ఎప్పుడు? పని అయ్యాక, సాయంత్రం. అప్పటికి ఇంజను వేడిగా, బుద్ధిగా ఉండేది. ఒకచోట కవాటాలు సర్దారు. ఇంకోచోట మందం నూనె పోశారు. మరోచోట టాపెట్లు కొత్తవి వేశారు. డబ్బు పోయింది, శబ్దం పోలేదు. చివరికి ఒక ముసలి మెకానిక్కు, “బండి ఇక్కడే వదిలి వెళ్ళండి, రేపు పొద్దున నేను వినేదాకా ఎవరూ తాళం తిప్పొద్దు” అన్నాడు.

మరునాడు విన్నాడు. శబ్దం మూడు సెకన్లలో పోలేదు, నాలుగైదు నిమిషాలు పట్టింది. అక్కడే ఆయనకు దారి దొరికింది. నూనె చేరడానికి నాలుగు నిమిషాలు పట్టదు. లోహం వేడెక్కి సాగడానికి పడుతుంది! దీపం పట్టి చూస్తే, పొగ బయటికి వెళ్ళే గొట్టం ఇంజనుకు కలిసే చోట సన్నటి నల్లటి మసి చార కనిపించింది. అక్కడి గాస్కెట్టు పోయింది. చల్లగా ఉన్నప్పుడు సందు తెరుచుకుని పొగ ‘టిక్ టిక్’మని చిమ్మేది. వేడికి లోహం సాగి సందు మూసుకునేది. టాపెట్లకు దీనితో సంబంధమే లేదు.

ఇందులో డబ్బు కన్నా పెద్ద సంగతి ఉంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ను వదిలిపెట్టి దీన్నే గట్టిగా పట్టుకుంటుంది. ఆ వ్యాను డ్రైవరు కాయ ఎత్తేదాకా అద్దాలు బిగించి, ఇంజను ఆడుతుండగానే ఏసీలో కునుకు తీసేవాడట. సందు వేడికి మూసుకున్నట్టు వినిపించినంత మాత్రాన పూర్తిగా మూసుకుందని ఎవరు హామీ ఇవ్వగలరు? అతనికి ఏమీ కాలేదు, అది అదృష్టం. “వేడెక్కితే అదే పోతుందిలే” అనే మాట మీద నాకు అంత కోపం ఎందుకో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఆ ముసలి మెకానిక్కు చేసింది ఏమిటి? మీ సైన్సు పుస్తకం మొదటి పాఠంలో ఉన్న పనే. పరిశీలించాడు, ఊహించాడు, విప్పి సరిచూసుకున్నాడు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. చాలామందికి ఇంతవరకే తెలుసు. లెనెక్ గొప్పతనం గొట్టంలో లేదు. విన్న ప్రతి శబ్దాన్నీ ఆయన రాసుకునేవాడు. రోగి చనిపోతే దేహాన్ని కోసి, ఆ శబ్దం వచ్చిన చోట లోపల ఏముందో చూసి పోల్చుకునేవాడు. అలా ఏ శబ్దానికి ఏ జబ్బో తేల్చి 1819లో పుస్తకం అచ్చువేశాడు. మెకానిక్కుకి ఒక సుఖం ఉంది, ఇంజను చనిపోకుండానే విప్పి చూడవచ్చు. పొడవాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని వినే మెకానిక్కులను మీరు చూసే ఉంటారు. ఉక్కులో ధ్వని గాలిలో కన్నా దాదాపు పదిహేను రెట్లు వేగంగా, అంతగా చెదిరిపోకుండా ప్రయాణిస్తుంది. అదీ స్టెతస్కోపే.

మన బళ్ళో మాత్రం ధ్వని పాఠం శ్రుతిదండంతో మొదలై అనునాద గొట్టంతో ముగుస్తుంది. మార్కులు వస్తాయి, చెవి రాదు. ఎనిమిదో తరగతిలో చదువు మానేసి జంక్షన్‌లోని షెడ్డులో చేరిన మన పాత విద్యార్థులకు చెవి వస్తుంది, కానీ తాము చేస్తున్నది సైన్సు అని వాళ్ళకు ఎవరూ చెప్పరు. మన మండలంలోని మల్లవల్లిలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ వారి బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. విజయవాడ ఆటోనగర్ ఎప్పటినుంచో ఉంది. ఇన్ని బండ్ల మధ్య పెరుగుతున్న పిల్లలు ప్రయోగశాలలో ఒక పాత ఇంజనునైనా విని, విప్పి చూడకుండా పదో తరగతి దాటిపోవడం నాకు సబబుగా తోచదు. షెడ్డువాళ్ళ ఇబ్బంది కూడా నాకు తెలుసు. ప్రతి బండినీ రాత్రంతా ఉంచుకోవడానికి చోటు ఉండదు, యజమానికి తీరిక ఉండదు. అందుకే వినే పని ఇంట్లోనే జరగాలంటాను. ఆ పని మీరు చేయగలరు.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. తేదీ, వేళ, రాత్రంతా ఆగిందా లేదా, శబ్దం ఎలాంటిది, ముందు నుంచా వెనక నుంచా, ఎన్ని సెకన్లకు పోయింది, ఇవి రాయండి. గడియారం చూసి రాయండి, “కాసేపటికి” అని రాయకండి. శబ్దం వస్తుంటే ఆక్సిలేటరు తొక్కి రేజు చేయొద్దని పెద్దవాళ్ళకు చెప్పండి. నూనె చేరని ఇంజనుకు అది హాని, పైగా సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. సెల్‌ఫోనులో రికార్డు చేస్తే ఇంకా మంచిది. మెకానిక్కుకు సాయంత్రం వేడి బండితో పాటు పొద్దుటి శబ్దాన్ని కూడా వినిపించవచ్చు.

జాగ్రత్తలు మరవకండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆడనివ్వకూడదు, అర నిమిషమైనా సరే. బానెట్టు ఎత్తి ఉంటే వోణీ, జడ, వేళ్ళు బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండాలి. కొన్ని ఫ్యాన్లు ఇంజను ఆగాక కూడా వాటంతటవే తిరుగుతాయి. చలికాలం వెచ్చదనానికి పిల్లులు బానెట్టు కింద దూరి పడుకుంటాయి కనుక స్టార్టు చేసేముందు బానెట్టు మీద రెండు దెబ్బలు కొట్టండి.

చివరగా మీకో లెక్క. ఫోనులో రికార్డు చేసిన శబ్దాన్ని నెమ్మదిగా ఆడించి లెక్కపెడితే నాలుగు సెకన్లలో 40 ‘టిక్’లు వచ్చాయి. అప్పుడు ఇంజను నిమిషానికి 1200 చుట్లు తిరుగుతోంది. మన కార్ల ఇంజనులో ఒక్కో కవాటం ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి తెరుచుకుంటుంది. ఒక్కో సిలిండరు పొగ వదిలేదీ రెండు చుట్లకు ఒకసారే. కప్పీ, ఫ్లైవీలు లాంటివి వదులైతే సాధారణంగా చుట్టుకొకసారి కొట్టుకుంటాయి. ఈ ‘టిక్’ వీటిలో దేనిది కావచ్చు, దేనిది కాదు? ఇంకా ఇద్దరు అనుమానితులు మిగిలితే, వాళ్ళిద్దరిలో ఎవరో తేల్చడానికి గడియారం చూసి మీరు రాయవలసింది ఏమిటి?